అభివృద్ధి ఉపన్యాసానికి ఆలస్యంగా వెళ్ళండి

పల్నాడు నుంచి గుంటూరు వైపు వెళ్ళి చదువుకుంటున్న పిల్లలకు, నరసరావుపేట కాలేజీల్లో చేరినవాళ్ళకు ఈ నాలుగు మాటలు. మీ దగ్గర నెలకొకటైనా సభ జరుగుతుంది. గ్రామీణాభివృద్ధి, పేదరిక నిర్మూలన, మహిళా సాధికారత, సేవా దృక్పథం, కార్పొరేట్ సామాజిక బాధ్యత. పేరు ఏదైనా గేటు దగ్గర కట్టే ఫ్లెక్సీ ఒక్కలాగే ఉంటుంది. మీ సార్లు మీకిచ్చే సలహాలు నాకు తెలుసు. గురజాల వైపు బడుల్లో ముప్పయ్యేళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి, నేనూ అవే ఇచ్చాను. అరగంట ముందే వెళ్ళండి, ముందు వరసలో కూర్చోండి, నోట్సు రాసుకోండి, చివర్లో లేచి మంచి ప్రశ్న అడగండి, మనసు కదిలితే తోచింది ఇచ్చి రండి అని. వాటన్నిటినీ ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ సభల్లో మాట్లాడేది మన గురించి. వెల్దుర్తి, బొల్లాపల్లి, దుర్గి అని తెరమీద పేర్లు పడతాయి. ఫ్లోరైడు నీళ్ళు తాగి గారకట్టిన పళ్ళ ఫొటో పడితే అది మీ మేనత్త నోరు అయినా కావచ్చు. ఎవరి గురించో వినడానికి వెళ్ళినవాడు ముందు వరసలో బుద్ధిగా కూర్చోవచ్చు. తన ఇంటి సంగతి వినడానికి వెళ్ళినవాడి పద్ధతి వేరుగా ఉండాలి.

కాబట్టి ఆలస్యంగా వెళ్ళండి. కార్డులో పది గంటలని వేస్తే పదకొండు దాటాక హాల్లో అడుగుపెట్టండి. పదింటికి ఆవరణలో మాత్రం ఉండండి. లోపల ఆ గంటసేపూ జ్యోతి వెలిగిస్తారు, ప్రార్థన పాడతారు, శాలువాలు కప్పుతారు, వక్త చదివిన చదువులు చదువుతారు. బయట షామియానా కట్టినవాళ్ళు పని ముగించుకుని చెట్టుకింద కూర్చుంటారు. వంటవాళ్ళు ఉల్లిపాయలు కోస్తుంటారు. వక్తను తీసుకొచ్చిన డ్రైవరు కారు అద్దం తుడుస్తుంటాడు. ఆ డ్రైవరు దగ్గరకు వెళ్ళి, "ఏ ఊరన్నా మీది?" అనండి. ఆ ఒక్కమాట చాలు.

నేను అలా ఒక డ్రైవరుతో టీ తాగాను. తాగునీళ్ళమీద పనిచేసే ఒక సంస్థకు ఆరేళ్ళుగా బండి నడుపుతున్నాడు. మెట్ట మీద ఒక ఊళ్ళో వాళ్ళు నీళ్ళ శుద్ధి ప్లాంటు పెట్టారు. లోపలి పొర పాడైతే మార్చడానికి డబ్బుల్లేక ఎనిమిది నెలలుగా అది మూతబడి ఉందన్నాడు. పెద్దలు చూడవచ్చిన రోజున పక్క ఊరినుంచి క్యాన్లు తెచ్చి ట్యాంకులో పోస్తారట. "సారు మంచోడేనండీ, ఆయనకు చెప్పేవాళ్ళే లేరు," అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే నాకు వక్తమీద కోపం వచ్చేది. లోపలికి వెళ్ళేసరికి అదే ప్లాంటు తెరమీద ఉంది, కొళాయి కింద ఒక పిల్ల బిందె పట్టుకుని నవ్వుతోంది. ఆయన అబద్ధమాడటం లేదు. ఆ ఫొటో తీసిన రోజున నీళ్ళు వచ్చాయి. పదింటికే వెళ్ళి ముందు వరసలో కూర్చుని ఉంటే ఆ నవ్వు ఒక్కటే తెలిసేది నాకు.

ఎక్కడ కూర్చోవాలంటారా? ఆఖరి వరసలో, తలుపు పక్కన. మైకు సెట్టువాడికి దగ్గరగా. అక్కణ్ణుంచి వక్త ముఖం సరిగా కనపడదు, వింటున్నవాళ్ళ మెడలు కనపడతాయి. ఏ మాటకు ఎవరి మెడ నిటారుగా లేచిందో చూడటం అలవాటైతే చాలా తెలుస్తుంది.

నోట్సు రాసుకోవద్దు. కాగితంమీద ఒక గీత గీసి రెండు గళ్ళు చేసుకోండి. ఎడమ గడిలో వక్త నోట 'ఇంచు' వచ్చినప్పుడల్లా ఒక చుక్క పెట్టండి. ఇది తెలుగు పంతులు చెప్పగల సాయం. చదవడం ఒకరి పని, చదివించడం మరొకరి పని. వ్యాకరణంలో దీన్ని ప్రేరణార్థకం అంటాం. మనిషి చేసే క్రియను ఇంకొక మనిషి చేతిలోకి తీసుకునే రూపం. అభివృద్ధి సభల్లో తెలుగు దాదాపు మొత్తం ఈ రూపంలోనే నడుస్తుంది. చదివించాం, నాటించాం, కట్టించాం, మాన్పించాం, పొదుపు చేయించాం, చేతులు కడిగించాం. వాళ్ళే చదివారు, వాళ్ళే నాటారు, వాళ్ళు అడిగారు, వాళ్ళు వద్దన్నారు అనే మాటలు కుడి గడిలోకి వెళ్తాయి. గంట ఉపన్యాసంలో ఎడమ గడి నిండిపోయి కుడి గడి ఖాళీగా మిగిలితే, ఆ ఊళ్ళో మనుషులు లేరని కాదు, ఆయన వాక్యాల్లో వాళ్ళకు చోటు లేదని.

నేను చూసినంతలో దీనికి పెద్ద ఉదాహరణ దూబగుంట. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్న రోజులు. రాత్రి బడిలో వాచకం చదివిన ఆడవాళ్ళు 1992లో సారా దుకాణం మూయించారు. ఇక్కడ 'ఇంచు' వాళ్ళది, గమనించండి. మంటలా అది జిల్లాలు దాటింది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. అక్షరాలు నేర్పినవాళ్ళు సారా ఆపాలని పథకం వేసుకోలేదు. నేర్చుకున్నవాళ్ళు తమకు కావలసింది తీసుకున్నారు. ఈ కథను సాధికారత సభల్లో చాలాసార్లు విన్నాను. చాలాసార్లు క్రియ మారిపోయింది: "మేము సారా మాన్పించాం" అని.

ఇంకా వెనక్కి వెళ్తే ఒంగోలు కథ ఉంది. 1876-78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గంజి కేంద్రాలతో సరిపెట్టుకోలేదు. బకింగ్‌హామ్ కాలవలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. పూర్వం సర్వేయరుగా చేసినవాడు గనక కొలతలు తెలుసు. పలుగు పట్టగలిగినవాడికి కూలి ఇచ్చాడు. కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు, బియ్యం కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని. అది తీరాక 1878 జులైలో ఒక్కరోజునే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మతం సంగతి మీరెలాగైనా తీసుకోండి. నాకు అందులో ముఖ్యమైనది ఆ ఆగడం. ఇచ్చే చేతికీ తీసుకునే చేతికీ మధ్య బేరం ఉందేమోనన్న అనుమానం, ఇచ్చేవాడికే ముందు కలిగింది. సభలో వక్తకు అలాంటి అనుమానం ఎక్కడైనా కలిగిందా అని వినండి. కలిగితే ఆ ఒక్క వాక్యం కాగితంమీద రాసుకోండి.

ప్రశ్నలు అడగవద్దని కూడా అంటున్నాను. మైకు చేతికిచ్చినప్పుడు అడిగే ప్రశ్న హాలు కోసం అడిగేది. అడిగేవాడి గొంతు మారిపోతుంది. వక్త కూడా "చాలా మంచి ప్రశ్న" అని మొదలుపెట్టి తనకు తెలిసిన జవాబు దగ్గరకే వెళ్తాడు. దానికి బదులు, సభ అయ్యాక మెట్లమీద ఆయన చెప్పులు వేసుకుంటున్నప్పుడు ఒక చీటీ చేతిలో పెట్టండి. చీటీలో ఉండాల్సింది ఒక్కటే: మీరు చెప్పిన ఆ పని చేసిన మేస్త్రీ పేరేమిటి?

ఇది నా సొంత తెలివి కాదు, మన జిల్లా చివర నీళ్ళ మధ్య ఉన్న రాయి నేర్పింది. మాచర్ల మీదుగా విజయపురి సౌత్ వెళ్ళి లాంచీ ఎక్కితే నాగార్జునకొండ. సాగర్ నీళ్ళలో మునగబోతున్న లోయను 1954 నుంచి ఆరేళ్ళు తవ్వి, దొరికినవాటిని కొండమీదికి చేర్చారు, మ్యూజియం పెట్టారు. ఇక్ష్వాకుల కాలంలో, అంటే 3వ శతాబ్దంలో, అక్కడ దానాలు చేసినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. రాజకుటుంబపు చాంతిసిరి మహాచైత్యానికి ఇచ్చింది. బోధిసిరి అనే ఉపాసిక రాజు కూతురు కాదు, రాణీ కాదు. ఆమె వేయించిన ప్రాకృత శాసనం వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరానిది. ఒక చోట సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం. ఇంకో చోట బోధివృక్షానికి ప్రాసాదం. మరో చోట ఒక్క గది. వేరే చోట ధ్యానశాల. పూర్వశైలంలో చెరువూ, మండపమూ. ఒక ఊళ్ళో మూడు గదులు, ఒక ఊళ్ళో ఏడు గదులు. ఇలా ఎక్కడెక్కడ ఏమేమి ఇచ్చిందో వరసగా చెప్పిస్తుంది. 'గ్రామీణ ప్రాంతాల్లో మౌలిక సదుపాయాలు' అని ఒక్క మాటలో తేల్చెయ్యలేదు. ఒక గది అయితే ఒక గది అనే రాయించింది. తర్వాత పని చేయించిన థేరుల పేర్లు చెబుతుంది: చందముఖుడు, ధమ్మనంది, నాగుడు. అంతటితో ఆగదు. ఈ పని విధికుడనే రాతిపనివాడిది అని చెప్పి ముగుస్తుంది.

పదిహేడు వందల ఏళ్ళు దాటాయి. ఆ చెరువు లేదు, గదులు లేవు, లోయే నీళ్ళకింద ఉంది. విధికుడి పేరు ఉంది. డబ్బు ఇచ్చినామె తన పేరు పక్కన చెమట కార్చినవాడికి చోటిచ్చింది. ఇవాళ మన ఊళ్ళలో వాటర్ ట్యాంకుమీదో బస్సు షెల్టరుమీదో వేసే పలకను చూడండి. దాత పేరు, దాత తండ్రి పేరు, ప్రారంభించినవారి పేరు, వారి పదవి, పక్కన నిలబడ్డవారి పేర్లు. మేస్త్రీ పేరు ఉన్న పలక నాకు ఇంతవరకు కనబడలేదు. యూనివర్సిటీకి ఆచార్య నాగార్జునుడి పేరు పెట్టుకున్నాం. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయంగా మొదలై 2004లో 'ఆచార్య' చేర్చుకుంది. ఆయన రాసినట్టు చెప్పే 'రత్నావళి'లో రాజుకు దానధర్మాలు చెబుతూ చీమలపుట్టల దగ్గర కూడా తిండీ నీళ్ళూ పెట్టమంటాడు. నమ్మకమైన మనుషుల చేత పెట్టించమని కూడా అంటాడు. చీమల విషయంలోనే చేసే మనిషెవరో చూడమన్నాడు ఆయన. ఆ పేరున్న ఆవరణలో మేస్త్రీ ఎవరని అడగడం అమర్యాద ఎట్లా అవుతుంది?

చీటీకి జవాబు రాకపోవచ్చు. వక్త జేబులో పెట్టుకుని మరిచిపోవచ్చు. ఒకాయన మాత్రం నాకు రెండు వారాలకు ఫోను చేశాడు. ఒక ఊళ్ళో పూడిక తీయించిన బావి గురించి చెప్పినవాడు. మేస్త్రీ పేరు తనకు తెలియక ఆ ఊరికి కబురు పెట్టి కనుక్కున్నానన్నాడు. ఆ పేరు నా దగ్గరుంది.

అంకెల విషయం. ఎన్ని కోట్లు, ఎన్ని లక్షల లబ్ధిదారులు అన్నవి రాసుకోవద్దు. అవి మరుసటి సభకు మారతాయి. తేదీలు రాసుకోండి, ముఖ్యంగా శంకుస్థాపన తేదీకీ నీళ్ళు వచ్చిన తేదీకీ మధ్య ఎంత కాలం పట్టిందో. 1832-33లో గుంటూరు సీమను నందన కరువు తిన్నది. డొక్కల కరువు అని కూడా అంటారు. జనంలో మూడోవంతు దాకా పోయారని లెక్కలు. ఆ చావుల తర్వాత, పన్నులు పడిపోయిన తర్వాత, కృష్ణకు బెజవాడ దగ్గర ఆనకట్ట వచ్చింది, 1855 నాటికి. నీళ్ళు డెల్టాకు పారాయి. మన మెట్టకు పారలేదు. నెహ్రూ 1955 డిసెంబరు 10న సాగర్‌కు పునాదిరాయి వేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీళ్ళు వదిలారు. కుడికాలవ మాచర్ల పక్కనే మొదలవుతుంది. అయినా కాలవకు ఎగువన ఉన్న వెల్దుర్తి ఎత్తుభూములకు అది ఎక్కదు. వరికపూడిశెల ఎత్తిపోతలకు 2023 నవంబరులో మళ్ళీ రాయి పడింది. దగ్గర దగ్గర పాతికవేల ఎకరాలన్నారు. మళ్ళీ అంటున్నానంటే ముందూ పడిందని. డెల్టాలో పుట్టి పెరిగిన ఆర్థికవేత్త 'ఆంధ్రలో సాగునీరు' అని మాట్లాడుతున్నప్పుడు, ఆయనకు కళ్ళముందు కనపడే ఆంధ్ర ఏదో మీ తేదీల కాగితం చెబుతుంది.

హుండీ తిప్పితే డబ్బు వేయవద్దు. ఈ సలహాకు నాకు తిట్లు పడ్డాయి, ఇంట్లోనే పడ్డాయి. అయినా మార్చుకోను. దానం మీద మాట్లాడే ప్రొఫెసర్లు చాలామంది పీటర్ సింగర్ చెరువు కథ చెబుతారు. 1971లో తూర్పు బెంగాల్ శరణార్థుల ఆకలిని చూసి ఆయన రాసిన వ్యాసం, మరుసటి ఏడాది అచ్చయింది. లోతులేని నీళ్ళలో పసిబిడ్డ మునిగిపోతుంటే బట్టలు తడుస్తాయని ఆగుతావా, ఆగకూడదు, దూరదేశపు బిడ్డయినా అంతే అన్నది ఆయన వాదం. ఆ వాదాన్ని నేను ఒప్పుకుంటాను. ఆ వ్యాసం చదివి జీతంలో వంతు తీసి ఇస్తున్నవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు, వాళ్ళకు దండం పెడతాను. కానీ సాగర్ కాలవ గట్టున పుట్టిన మనకు ఇంకొకటి కూడా తెలుసు. పిల్లవాడు పడితే ఎవరైనా దూకుతారు. మన ఊళ్ళలో దూకని మనిషిని నేను చూడలేదు. ఆ రేవుకు మెట్లు ఎందుకు కట్టలేదు, గొలుసు ఎందుకు వేయలేదు, పిల్లవాడు బడిలో ఉండాల్సిన వేళ గొడ్లు కడగడానికి ఎందుకు వచ్చాడు అని మర్నాడు అడిగేవాళ్ళు తక్కువ. సభలో కళ్ళు తడిసినప్పుడు వేసే నోటు దూకడం లాంటిది. ఒక నెల ఆగండి. నెల తర్వాత కూడా ఆ ఊరు గుర్తుంటే, పేరు తప్పులేకుండా రాయగలిగితే, వెళ్ళి చూసి ఇవ్వండి. మీరు ఇవ్వదలుచుకున్నదానికి రెట్టింపు ఇవ్వండి.

కంపెనీల సామాజిక బాధ్యత మీద సభ అయితే ఇంకో మాట. అక్కడ 'దాతృత్వం' అనే పదం వినపడగానే మీ కాగితంమీద కొట్టివేత గీత గీయండి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం ఈ పనులకు ఖర్చుపెట్టాలి. సున్నపురాయి మన పిడుగురాళ్ళ, దాచేపల్లి, మాచర్ల నేలలోది, దుమ్ము మన గొంతుల్లోది. చట్టం ఇమ్మన్నది పుచ్చుకునేటప్పుడు చేతులు జోడించనక్కరలేదు, తలెత్తి లెక్క అడగవచ్చు.

దత్తత అనే మాటమీద కూడా నాకు పేచీ ఉంది. కాలేజీలు, సంస్థలు, అధికారులు ఊళ్ళను దత్తత తీసుకున్నామంటారు. దత్తత అంటే బిడ్డను తెచ్చుకోవడం. మనదగ్గర దత్తతకు ఇంటిపేరు మారుతుంది, గోత్రం మారుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా ఆస్తిలో వాటా వస్తుంది. ఊరిని దత్తత తీసుకున్నవాళ్ళు ఊరికి ఏ వాటా రాసిచ్చారో అడగండి. ఇదొక్కటి మాత్రం మైకులోనే అడగండి.

ఒంటరిగా వెళ్ళవద్దు. చదువుకున్న స్నేహితుణ్ణి తీసుకుపోతే ఇద్దరు విద్యార్థులవుతారంతే. మీ పెద్దమ్మను, పక్కింటి కౌలురైతును, మిరపకోతకు వెళ్ళే అక్కను తీసుకువెళ్ళండి. ఒక ఫిబ్రవరిలో గుంటూరులో ఒక సభకు నేను మా వీధిలో ఆవిణ్ణి తీసుకువెళ్ళాను. గ్రామీణ మహిళలమీద సభ. ఏసీ హాలు, మెత్తటి కుర్చీలు. వక్త బాగా మాట్లాడింది, తెలుగులోనే మాట్లాడింది. ఈవిడ పదినిమిషాల్లో నిద్రపోయింది. గురకపెట్టింది కూడా. అటూ ఇటూ తిరిగి చూశారు. నేను మోచేత్తో పొడిచాను, లేవలేదు, నాకు తల కొట్టేసినట్టయింది. తిరుగు బస్సులో, "ఏందమ్మా, అంతదూరం వచ్చి నిద్రపోయావు," అన్నాను. "కోతలు మొదలైనకాడ్నుంచి పగటిపూట కన్ను మూసింది ఇయ్యాలే సారూ," అంది. ఆ మాటలో ఫిర్యాదు లేదు, బాగా నిద్రపట్టిందన్న తృప్తి ఉంది. పొడిచినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. మీరు తీసుకువెళ్ళిన మనిషి నిద్రపోతే పోనివ్వండి. ఎవరైనా తిరిగి చూస్తే, వాళ్ళవైపు మీరూ చూడండి.

భోజనం దగ్గర మాత్రం ఆలస్యం చేయవద్దు. ఉపన్యాసం ముగియకముందే లేచి అక్కడికి వెళ్ళండి. పల్నాటివాళ్ళం గనక ఇది మనం చూడాల్సిన చోటు. బ్రహ్మనాయుడు మాచర్లలో చాపకూడు పెట్టాడని 12వ శతాబ్దం నుంచి చెప్పుకుంటున్నాం. కులం చూడకుండా ఒకే చాపమీద కూర్చుని ఒకే కూడు తినడం. మాల కన్నమదాసు ఆయన సేనకు నాయకుడు. ఇప్పటికీ కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల ఉత్సవాలు అయిదురోజులు జరిగితే, మందపోరు నాడు చాపకూడు పెడతారు. ఆ తిండిలో వడ్డించేవాడు పైన, తినేవాడు కింద ఉండరు. ఇచ్చేవాడు కూడా అందులోనే తింటాడు. నేను చదివిన అభివృద్ధి సిద్ధాంతాలన్నిటికంటే దీనిమీద నాకు నమ్మకం ఎక్కువ.

ఇప్పుడు మీ సభ భోజనాలు చూడండి. ప్రముఖులకు వేరే గది ఉందా? అక్కడ పింగాణీ, ఇక్కడ కాగితం పళ్ళేలా? కథ చెప్పించడానికి ఊరినుంచి తీసుకొచ్చిన ఆడవాళ్ళు ఎక్కడ తింటున్నారు? వేదికమీద వాళ్ళకు దండ వేసినవాళ్ళు వాళ్ళ పక్కన కూర్చున్నారా? షామియానా వాళ్ళు అందరూ తిన్నాక తింటున్నారా, కలిసి తింటున్నారా? ఆ ఇరవై నిమిషాలు చూస్తే గంటన్నర ఉపన్యాసం విననక్కరలేదు. మీ పళ్ళెం తీసుకుని వంటవాళ్ళ దగ్గర కూర్చుని తినండి. ఉపన్యసించినామె వచ్చి మీ పక్కన నేలమీద కూర్చున్న రోజు కూడా వస్తుంది. నాకు ఒకసారి వచ్చింది. మిరపకాయ కోతకు కిలోకు ఎంతిస్తారని ఆమె అడిగింది, కర్నూలు వైపునుంచి వలస వచ్చే ముఠాల గురించి అరగంట మాట్లాడుకున్నాం. ఆ రోజు ఆమె వేదికమీద ఏం చెప్పిందో నాకు గుర్తులేదు.

వందన సమర్పణకు ఉండవద్దు. గుంటూరునుంచి మన వైపు బస్సులు చీకటిపడ్డాక పలచబడతాయి, మాచర్ల రైలు మనకోసం ఆగదు. బస్సులో మిర్చి యార్డునుంచి తిరిగివస్తున్న రైతులుంటారు. పక్కన కూర్చున్నాయన ఎక్కడికి వెళ్ళొస్తున్నావని అడిగితే, సభలో విన్నది ఆయనకు రెండు వాక్యాల్లో చెప్పి చూడండి. 'సుస్థిర', 'సమ్మిళిత', 'భాగస్వామ్య' అనే మాటలు లేకుండా.

కార్డు మాత్రం పారేయవద్దు. ఉపన్యాసాన్ని ఆ రోజు తూచలేం, పదేళ్ళకు తూచగలం. 2000 దశకంలో సూక్ష్మరుణాలమీద ఎన్ని సభలు విన్నామో! పేదరికానికి మందు దొరికిందన్నారు. ఆడవాళ్ళ అప్పులు వారం వారం నూటికి దాదాపు నూరు వంతులు వసూలవుతున్నాయని తెరమీద చూపించి చప్పట్లు కొట్టించారు. ఆ వసూలు ఎలా అవుతోందో ఎవరూ అడగలేదు. 2006లో కృష్ణా జిల్లాలో గొడవలై కలెక్టరు యాభై దాకా శాఖలు మూయించాడు. 2010 అక్టోబరు నాటికి ఆత్మహత్యల వార్తలు పెరిగి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆ సభల కార్డులు నా దగ్గరున్నాయి. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనున్నాను, నా పక్కన వాయిదా కట్టడానికి పుస్తెలు కుదువపెట్టిన ఇల్లాలు ఒకామె ఉంది, అప్పుడు ఆ సంగతి నాకు తెలియదు.

అందుకే ఇంటికి రాగానే కార్డు వెనక తేదీ వేస్తాను, కింద మేస్త్రీ పేరు రాస్తాను. తెలియకపోతే 'చెప్పలేదు' అని రాస్తాను. పాత ట్రంకు పెట్టెలో కట్టలు కట్టి ఉన్నాయి. నూటికి తొంభైకి పైగా 'చెప్పలేదు' అనే ఉంటాయి. బావి మేస్త్రీ పేరున్న కార్డు అన్నిటికంటే పైన ఉంచాను. ఈ వేసవిలో ఆ ఊరు వెళ్ళి, ఆయన్ని వెంటబెట్టుకుని, ఆ బావిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో చూసి రావాలి.